ట్రాలీ సమస్య గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ట్రాలీ సమస్య గారి సముఖానికి, తమరి క్షేమం కోరుతూ రాయునది ఏమనగా:

తమరు నైతిక తత్వశాస్త్రంలోకి బ్రేకులు లేకుండా ప్రవేశించి అరవై ఏళ్లు కావస్తోంది. ఇంతకాలంగా తమరి పట్టాల మీద ఆ ఐదుగురు కూలీలు ఎన్నిసార్లు చచ్చి, మళ్లీ లేచి, తరువాతి తరగతి విద్యార్థుల కోసం అదే చోట అటు తిరిగి నిలబడ్డారో ఎవరూ లెక్క పెట్టలేదు. పక్క పట్టాల మీది ఒంటరివాడి సంగతి సరేసరి. అదుపు తప్పిన బండి వస్తోంది, దారిలో ఐదుగురున్నారు, లివరు లాగితే బండి పక్క దారి పట్టి ఒక్కడినే చంపుతుంది, లాగుతారా మానతారా అని తమరు అడిగే తీరు ఎంత ముచ్చటగా ఉంటుందంటే, మంచిగా బతకడం ఎలా అని జీవితమంతా మథనపడవలసిన మనిషి కూడా అర నిమిషంలో చెయ్యి ఎత్తి, తన నైతికతను నిరూపించుకుని, మిగిలిన రోజంతా నిశ్చింతగా తన పనులు చూసుకోగలుగుతున్నాడు. ఇంత తక్కువ శ్రమతో ఇంత ఎక్కువ ఆత్మతృప్తిని ప్రసాదించే సాధనం మరొకటి లేదు కనుక, ముందుగా తమరికి అభినందనలు.

ఎదిగినవారికి పుట్టుక గుర్తు చేయడం అమర్యాదే. అయినా చెప్పక తప్పదు. 1967లో ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ గర్భస్రావం గురించీ ద్విఫల సిద్ధాంతం (కావాలని చేసే హానికీ, ముందే తెలిసినా కోరకుండా జరిగే హానికీ తేడా ఉందనే వాదం) గురించీ రాసిన ఒక వ్యాసంలో తమరు కొద్ది వాక్యాల పాటు కనిపించి వెళ్లిపోయిన ఉదాహరణ మాత్రమే. అప్పుడు తమరి పక్కన ఒక న్యాయమూర్తి కూడా ఉండేవాడు. ఎవరో ఒకరిని దోషిగా తేల్చకపోతే ఒక వర్గం ప్రజల మీద తామే పగ తీర్చుకుంటామని అల్లరిమూక బెదిరిస్తుంటే, నిరపరాధిని ఇరికించి ఉరి తీయించవచ్చా అన్నది అతని చిక్కు. లెక్క రెండు చోట్లా ఒకటే: కొందరిని కాపాడడానికి ఒకడిని బలి ఇవ్వడం. అయినా బండి నడిపేవాడు ఒక్కడి వైపు తిప్పితే తల ఊపే మనం, న్యాయమూర్తి అదే లెక్క వేస్తే ఎందుకు భయపడతాం అన్నదే ఆమె ప్రశ్న. ఇతరులకు హాని చేయకుండా ఉండవలసిన బాధ్యత, సాయం చేయవలసిన బాధ్యత కంటే బరువైనదని ఆమె సమాధానం. అది నిజంగా పనికొచ్చే ప్రశ్న, పనికొచ్చే సమాధానం కూడా. ఆ గౌరవాన్ని తమరి నుంచి తీసివేసే ఉద్దేశం నాకు లేదు.

ఆ న్యాయమూర్తిని జనం మరచిపోయారు. తమరు మాత్రం వర్ధిల్లారు. 1976లో అమెరికా తత్వవేత్త జుడిత్ జార్విస్ థామ్సన్ తమరికి నామకరణం చేసి, బండిని ఆపడానికి కిందికి తోసేయవచ్చా అని అడగడం కోసం వంతెన మీదికి ఒక స్థూలకాయుడిని పంపారు; 1985లో డ్రైవరు స్థానంలో దారిన పోయే బాటసారిని లివరు దగ్గర నిలబెట్టారు. అటుపైన కొత్త కొత్త రూపాల్లో తమరి పట్టాలు మెలికలు తిరిగి మళ్లీ కలుసుకున్నాయి, కాళ్ల కింద తలుపులు తెరుచుకున్నాయి, తమరి పేరిట ఒక ఉపశాస్త్రమే వెలిసింది. అదే థామ్సన్ 2008లో, లివరు లాగే హక్కు ఆ బాటసారికి లేదని తేల్చి, తన పాత అభిప్రాయాన్ని వెనక్కి తీసుకున్నారు. చెయ్యి ఎత్తించి లెక్క పెట్టే తరగతి గదుల్లో తమరు ఈ సంగతిని ప్రచారం చేసినట్లు కనబడదు.

నా ఫిర్యాదు చావుల గురించి కాదు, తమరి సర్వజ్ఞత గురించి. తమరి లోకంలో అడుగుపెట్టిన ప్రతివాడికీ సమస్తం తెలిసి ఉంటుంది. బండి ఆగదని తెలుసు, ఆ ఐదుగురూ తప్పుకోలేరని తెలుసు, లివరు తప్పకుండా పనిచేస్తుందని తెలుసు, అవతలివాడు తప్పకుండా పోతాడనీ తెలుసు. గట్టిగా కేక వేస్తే వాళ్లు పక్కకు దూకరా అని ఏ విద్యార్థి అయినా అడిగితే, అలా అడగడం నియమాలకు విరుద్ధమని అధ్యాపకులు చిరునవ్వుతో చెబుతారు. తనకు ఏమీ తెలియదన్న సంగతి మాత్రం తనకు తెలుసునని చెప్పుకుని ప్రసిద్ధికెక్కిన సోక్రటీసు వారసత్వం ఇది! మనుషుల నడవడికి సంబంధించిన విషయాల్లో గణితంలో దొరికేంత కచ్చితత్వాన్ని ఆశించకూడదని అరిస్టాటిల్ కూడా హెచ్చరించాడు. ఆ హెచ్చరికను పక్కన పెట్టి, మానవ జీవితంలో ఎన్నడూ దొరకని వస్తువును, అంటే ఫలితం మీద పూర్తి భరోసాను, తమరు అందరికీ ఉచితంగా పంచుతున్నారు. రోగి మంచం పక్కన నిలబడిన వైద్యురాలికి ఆ భరోసా లేదు. ఒకరికొకరు పొసగని సాక్షుల మధ్య కూర్చున్న న్యాయమూర్తికి లేదు. స్పృహలో లేని తండ్రి తరఫున సంతకం పెట్టవలసిన కూతురికి అసలే లేదు. వాళ్ల బాధలో సగం ఏది మంచో తెలియకపోవడం కాదు, ఏది జరుగుతుందో తెలియకపోవడం. తెలియకుండానే చేయవలసి రావడం, చేశాక కూడా సరైనదే చేశామో లేదో ఎప్పటికీ తేలకపోవడం. తమరు ఆ సగాన్ని కోసి పారేసి, మిగిలిన తేలిక సగానికి నైతిక సమస్య అని పేరు పెట్టుకున్నారు.

తమరి కంటే తొంభై ఏళ్లు పెద్దవాడైన ఒక ఓడ యజమానిని ఈ సందర్భంలో పరిచయం చేయాలనుకుంటున్నాను. 1877లో ఆంగ్ల గణితవేత్త విలియం కింగ్డన్ క్లిఫర్డ్ విశ్వాసానికీ నీతికీ ఉన్న సంబంధం గురించి రాస్తూ అతన్ని సృష్టించాడు. అతని ఓడ పాతది, చాలాసార్లు మరమ్మతు చేసినది, మొదట్లోనే అంత గట్టిగా కట్టినది కాదు. వలస వెళ్లే కుటుంబాలు అందులో ఎక్కబోతున్నాయి. ఓడను పూర్తిగా తనిఖీ చేయించి బాగు చేయించాలేమో అని అతనికి అనుమానం కలుగుతుంది. అందుకు ఎంత ఖర్చవుతుందో కూడా ఆ వెంటనే స్ఫురిస్తుంది. అప్పుడతను అబద్ధమేమీ ఆడడు. ఇన్ని ప్రయాణాలు తట్టుకున్న ఓడ ఇంకొకటి తట్టుకోదా అని, మంచి బతుకు వెతుక్కుంటూ వెళ్లే ఈ అమాయకులను దైవం కాపాడకపోతుందా అని, ఓడలు కట్టేవారి నిజాయితీని శంకించడం మర్యాద కాదని తనకు తానే నచ్చజెప్పుకుని, చివరికి ఓడ భద్రంగా ఉందని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. తేలికపడిన గుండెతో వీడ్కోలు పలుకుతాడు. ఓడ నడిసముద్రంలో మునిగిపోతే బీమా డబ్బు తీసుకుని నోరు మూసుకుంటాడు.

అతను చిత్తశుద్ధితో నమ్మాడు కదా అంటే, నిజమే నమ్మాడు, కానీ అలా నమ్మే హక్కు అతనికి లేదంటాడు క్లిఫర్డ్. ఓడ క్షేమంగా అవతలి తీరం చేరినా అతని నేరం ఇసుమంతైనా తగ్గదనీ, అప్పుడు అది బయటపడని నేరం మాత్రమే అవుతుందనీ అంటాడు. సాక్ష్యం చాలకుండా దేన్నీ నమ్మకూడదని క్లిఫర్డ్ ఇక్కడి నుంచి తీసిన సూత్రం మితిమీరినదే, ఆ లెక్కన చూస్తే పసిపిల్లలు తల్లి మాటను కూడా నమ్మలేరు. అయినా ఆ యజమాని చిత్రం మాత్రం చెక్కుచెదరదు. తెలుసుకోగలిగిన దాన్ని తెలుసుకోకుండా ఉండిపోవడం కూడా మనిషి చేసే పనే అని, ఆ పనికి కూడా జవాబు చెప్పుకోవాలని అతను చూపిస్తాడు. ఆ యజమాని లివరేదీ లాగలేదు. అతని జీవితంలో నాటకీయమైన క్షణం ఒక్కటీ లేదు. ఒక ప్రశ్న తలెత్తింది, అతను దాన్ని మెల్లగా నిద్రపుచ్చాడు, అంతే.

ఇప్పుడు తమరిని సవినయంగా అడుగుతున్నాను: తమరి బండి బ్రేకులు ఎవరు చూశారు? ఆ ఐదుగురిని హెచ్చరిక గంట కూడా లేని మలుపులో పనికి పంపినది ఎవరు? లివరుకు తాళం ఎందుకు లేదు, పక్కన మనిషి ఎందుకు లేడు? తమరి కథ ఎప్పుడూ బండి అదుపు తప్పిన తరువాతే మొదలవుతుంది కనుక, అదుపు తప్పించినవారందరూ హాయిగా ప్రేక్షకుల్లో కూర్చుని, మిగతా వారితో పాటు చెయ్యి ఎత్తి, ఐదుగురినే కాపాడాలని ఓటు వేస్తున్నారు.

ప్రయోగశాలల్లో తమరు సాధించిన విజయాలు నాకు తెలియనివి కావు. 2001లో జాషువా గ్రీన్ బృందం మనుషులను మెదడు స్కానరులో పడుకోబెట్టి తమరిని చదివించింది. స్వయంచాలిత కార్లు ఎవరిని గుద్దాలో చెప్పమని ఎంఐటీ పరిశోధకులు పెట్టిన ఆటలో దాదాపు 4 కోట్ల తీర్పులు పోగుపడ్డాయి, వాటి ఫలితాలు 2018లో వెలువడ్డాయి. అంతమంది న్యాయాధిపతులను ఒక్కచోట చేర్చిన ఘనత తమరిదే. అదే ఏడాది బెల్జియంలో ఘెంట్ విశ్వవిద్యాలయం వారు కాగితం మీది మనుషులను పక్కన పెట్టి ప్రాణమున్న ఎలుకలను తెచ్చారు: ఒక పంజరంలో ఐదు, మరొక దాంట్లో ఒకటి, ఐదింటికి కరెంటు షాకు తగలబోతోందని చెప్పి, దాన్ని ఒక్కదాని మీదికి మళ్లించే బొత్తాన్ని చేతికిచ్చారు. (ఎలుకలకు నిజంగా షాకేమీ ఇవ్వలేదు.) తమరి తరహా చిక్కులకు ముందుగా ఇచ్చిన జవాబులను బట్టి, బొత్తాం దగ్గర ఎవరు ఏం చేస్తారో చెప్పడం సాధ్యం కాలేదు. గట్టున కూర్చుని చేతులాడించిన వారిలో ఎవరికి ఈత వచ్చో చెప్పలేనట్టే.

ఫుట్ స్నేహితురాలు, యుద్ధకాలంలో లండన్‌లో ఆమెతో ఒకే ఇంట్లో ఉన్న తత్వవేత్త ఐరిస్ మర్డక్ అభిప్రాయం ప్రకారం, ఎంపిక చేసుకోవలసిన క్షణం వచ్చేసరికి ఎంపికలో చాలా భాగం అప్పటికే ముగిసిపోయి ఉంటుంది. అంతవరకు మనం దేన్ని చూస్తూ వచ్చాం, దేన్నుంచి చూపు తిప్పుకుంటూ వచ్చాం అన్నదే అసలు పని చేస్తుంది. ఫుట్ కూడా తమరి చుట్టూ తిరుగుతూ కూర్చోలేదు, ధైర్యం, న్యాయం, దయ వంటి గుణాలు మనిషి బతుకుకు ఎందుకు అవసరమో ఆలోచిస్తూ దశాబ్దాలు గడిపారు. తమరిని కన్న తల్లే తమరిని దాటి వెళ్లిపోయారన్న సంగతి తమరికి ఎవరూ చెప్పకపోవడం విచారకరం.

కనుక తమరికి చేసుకునే విన్నపం ఇది. ఇకమీదట తరగతి గదిలోకి వచ్చేటప్పుడు ఒంటరిగా రాకండి. ఆ ఉదయం బండిని షెడ్డు నుంచి బయటకు వదలమన్న అధికారిని, బ్రేకు అరిగిందని రాసిచ్చిన మెకానిక్కును, ఆ కాగితాన్ని ఫైలు అడుగున దాచిన గుమాస్తాను, ప్రతిరోజూ అదే బండిలో కూర్చుని చప్పుడు విన్నా ఏమీ అనని ప్రయాణికులను కూడా వెంట తీసుకురండి. మొదటి ప్రశ్న వారికి వేయమని అధ్యాపకులతో చెప్పండి. వారి సంజాయిషీలు వినడానికి ఒక గంట సరిపోకపోతే మరుసటి రోజు కూడా వినవచ్చు. అంతవరకు లివరు దగ్గరి బాటసారిని దయచేసి కూర్చోనివ్వండి, అతను 1985 నుంచి నిలబడే ఉన్నాడు.

ఇట్లు,
ఇంతవరకు ఏ లివరునూ లాగే అవకాశం రాని
తమరి విధేయుడు