రెండొందల ఒకటో యూనిట్

హన్మకొండ కుమార్‌పల్లిలో సమ్మయ్య ఇంటి ముందుగోడకు కరెంటు మీటర్ ఉంది. మీటర్ పక్కన మేకు, మేకుకు దారం, దారానికి పెన్ను, దాని కింద వంద పేజీల నోట్‌బుక్. వాడకట్టుకు కొత్తగా వచ్చినవాళ్లు అది పాలఖాతా అనుకుని ఒకట్రెండు సార్లు తమ పాల లెక్క కూడా అందులోనే రాసిపోయారు.

బిల్లు సున్నా వచ్చే ఇంట్లో లెక్కెందుకు అనే అమాయకులు ఉంటారు. తెల్లకార్డు ఉన్న ఇంటికి తెలంగాణ సర్కారు గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 2024 మార్చి బిల్లుల నుంచి నడుస్తున్న ముచ్చటే. 205 కాలిస్తే ఆ అయిదింటికే కదా కట్టేది అనుకుంటారు చాలామంది. కాదు. 200 దాటిందంటే సున్నా ఎగిరిపోయి మొదటి యూనిట్ నుంచీ మొత్తం మీద పడుతుంది.

ఆ మొత్తమైనా మామూలు రేటుకు పడదు. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్లలో 200 దగ్గర పెద్ద గట్టు ఉంది. సరిగ్గా 200 కాలిస్తే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. ఇంకొక్కటి కాలిస్తే దానికి 7.70 వేసి ఊరుకోరు, వెనక్కు వెళ్లి 200 యూనిట్లకూ 5.10 చొప్పున కొత్తగా లెక్క కడతారు. 1,027 రూపాయల 70 పైసలు. పథకం లేని ఇంటికే ఆ ఒక్క యూనిట్ 207 రూపాయల 70 పైసలు పడిందన్నమాట. సమ్మయ్యలాంటి సున్నా బిల్లు ఇంటికైతే కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, యూనిట్‌కు 6 పైసల డ్యూటీ కలుపుకొని రెండొందల ఒకటో యూనిట్ ఒక్కటే 1,150 దాటుతుంది. ఆ పైసలకు కిలో యాటకూర వచ్చి మసాలాకు కూడా మిగులుతాయి. దాటితే ఒక్కటితో దాటకూడదు, దాటినందుకైనా చల్లగా ఏసీ వేసుకుని పడుకోవాలి అని ఒక సిద్ధాంతం ఉంది గానీ, సమ్మయ్య ఇంట్లో ఏసీ లేదు.

నోట్‌బుక్ మొదటి పేజీలో నెల బడ్జెట్. 200ను 30తో భాగిస్తే రోజుకు 6.66. చలికాలం, ఫ్యాన్ల ఖర్చు లేదు. ఫ్రిజ్‌కు 1.2. టీవీ అయిదు గంటలకు 0.4. ఒక హెచ్‌పీ మోటర్ అరగంటకు అర యూనిట్. రైస్ కుక్కర్ 0.35, ఇస్త్రీ పెట్టె పావుగంటకు పావు, మిక్సీకి 0.2, ఎల్‌ఈడీ బల్బులన్నీ కలిపి అర. ఇదంతా పిల్లల బువ్వ. అసలు తిండి గీజర్‌ది. 15 లీటర్ల గీజర్‌లో 20 డిగ్రీల నీళ్లు 60కి రావాలంటే 0.7 యూనిట్ కావాలి, పక్కకు పోయే వేడితో కలిపి ముప్పావు. 2,000 వాట్ల కాయిల్‌కు అది ఇరవై రెండు మూడు నిమిషాల పని. నలుగురు స్నానం చేస్తే రోజుకు మూడు యూనిట్లు. అన్నీ కలిపి ఆరున్నరకు కొంచెం తక్కువ. ఒడ్డు మీద జానెడు జాగా మిగిలింది.

సమ్మయ్యకు తెలిసి మిగతా వీధికి తెలియనిది ఇంకొకటి ఉంది. లెక్క ఒకటో తారీఖు నుంచి కాదు, పోయిన నెల బిల్లు కొట్టిన రోజు నుంచి. బిల్లులో ‘ప్రస్తుత రీడింగ్’ అని ఉన్న అంకె దగ్గర మొదలుపెట్టాలి. డిసెంబర్ 11 నాటి బిల్లులో అది 4127. అంటే జనవరి 10న బిల్లు కొట్టే పిల్లగాడు వచ్చేసరికి మీటర్ 4327 మీద ఉండాలి. చుక్క తర్వాతి అంకెను బిల్లులో వేయరు కాబట్టి 4327.9 అయినా ఫరవాలేదు. 4328 కనిపించిందా, కొంప కొల్లేరే.

మొదటి వారం లెక్క సాఫీగా నడిచింది. రెండో వారం రోజుకు పావు యూనిట్ ఎక్కడికో పోతోంది. సమ్మయ్య రాత్రి పది గంటలకు ఫ్రిజ్‌తో సహా అన్ని స్విచ్చులూ ఆపి టార్చి పట్టుకుని మీటర్ ముందు నిలబడ్డాడు. మీటర్ మీద చిన్న ఎర్రలైటు ఉంటుంది. పక్కన 3200 అని రాసి ఉంటే అది 3,200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అని. గీజర్ వేస్తే సెకనుకు రెండుసార్లకు కొంచెం తక్కువ కొడుతుంది, ఒంట్లో జ్వరమున్న మనిషి నాడిలాగ. ఇప్పుడు ఇల్లంతా ఆపినా ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి మిణుక్కుమంటోంది. అంటే పది వాట్లు.

“ఇంట్ల దొంగ ఉన్నడు,” అన్నాడు సమ్మయ్య.

దొంగ బీరువా మీద ఆకుపచ్చ కళ్లతో కూచున్నాడు. వైఫై డబ్బా. పది వాట్లే గానీ పొద్దూమాపూ నెలంతా తాగితే 7.2 యూనిట్లు. రాత్రి ఆపుదామంటే బిడ్డ స్రవంతి ఒప్పుకోలేదు.

“బాపూ, పరీక్షలున్నయి. పగలు సెట్‌టాప్ బాక్స్ బంద్ జెయ్యి, అది గూడ గంతే తాగుతది. రిమోట్‌తోని ఆపితే ఆగదు, గోడ కాడ స్విచ్ తియ్యాలె.”

మాట నిజమే. దాంతో సరళ చూసే సీరియల్‌కు ముందు డబ్బా లేచి సిగ్నల్ పట్టేదాకా రెండు నిమిషాలు పోసాగింది. ఆ రెండు నిమిషాల్లో ఆమె మొగుడిని అన్న మాటలు నోట్‌బుక్‌లో ఎక్కలేదు.

అంతా దారికి వచ్చిందనుకున్న వేళ, ఆరో తారీఖున, సంక్రాంతి సకినాలకని సమ్మయ్య చెల్లె ఇద్దరు పిల్లలతో కరీంనగర్ నుంచి దిగింది. సకినాలు ఒక్కరు చేసేవి కావు. బియ్యం నానబెట్టాలి, ఆరబెట్టి గిర్నీ పట్టించాలి, నువ్వులూ వామూ కలపాలి, ఆపై తెల్లబట్ట పరిచి నలుగురు ఆడోళ్లు కూచుని చుట్టలు చుట్టాలి. ఆడబిడ్డ వస్తేనే పని. వచ్చినావిడను తలస్నానం చేయొద్దని ఎవరంటారు? గీజర్ రోజుకు ఏడుసార్లు కాగింది. మూడు రోజుల్లో ఆరేడు యూనిట్లు ఎగిరిపోయాయి.

సరళ లెక్క వేరే ఉంది, అది ఆమె తలలోనే ఉంటుంది. సకినాలకు నూనె కొంటూ ప్యాకెట్ తిప్పి చూసింది. లీటరు నూనె అంటే 910 గ్రాములు. రెండో రకం ప్యాకెట్ నాలుగు రూపాయలు చవక, మీద 850 గ్రాములని చీమతలంత అచ్చు. రెండూ చూడటానికి ఒకే లావు. నాలుగు రూపాయలు తగ్గించి అరవై గ్రాములు మింగిన మొనగాడిని పక్కన పెట్టి మొదటిదే తెచ్చింది. 2024 సెప్టెంబర్‌లో బయటి దేశాల నూనె మీద సుంకం పెంచినప్పటి నుంచి ఆమె కళ్లజోడు లేకుండా కిరాణా కొట్టుకు పోదు. ఇంట్లో ఉన్న అసలు ఆర్థిక మంత్రి ఎవరో సమ్మయ్యకూ తెలుసు, ఒప్పుకోడు.

ఎనిమిదో తారీఖు పొద్దున ఆడబిడ్డ బస్సెక్కంగానే ఎమర్జెన్సీ ప్రకటించాడు. గీజర్ బంద్, నీళ్లు గ్యాస్ మీద. ఇక్కడ సరళ అడ్డం తగిలింది.

“ఏమయ్యా, గ్యాస్ నీకు ఊరికే వస్తున్నదా?”

అడగాల్సిన ప్రశ్నే. 15 లీటర్లు అంతే వేడికి రావాలంటే పొయ్యి మీద దాదాపు 90 గ్రాముల గ్యాస్ పోతుంది, మంటలో మూడో వంతు పైగా గిన్నె పక్కల నుంచి గాల్లో కలుస్తుంది గనక. నలుగురి స్నానాలు నెలంతా ఇట్లా కాస్తే 14.2 కిలోల సిలిండర్‌లో ముప్పాతిక వంతు బాత్‌రూమ్‌కే. అదే ముప్పావు యూనిట్ 4.80 రేటుకు కొన్నా నాలుగు రూపాయలు కాదు. సబ్సిడీ లేని గ్యాస్ కంటే కరెంటే చవక. కానీ రెండొందల గట్టు మీద నిలబడ్డవాడికి లెక్క తలకిందులు. సమ్మయ్య గంజులో నీళ్లు పెట్టించాడు. పొదుపు కోసం మొగుడూ పెళ్లాం బకెట్ ఎత్తుకొచ్చేసరికి సగం చల్లారేవి. మిగతా సగం వరండాలో ఒలికేవి.

తొమ్మిదో తారీఖు రాత్రి ఎనిమిదిన్నరకు మీటర్ 4327.1. ఇంకా 0.8 జాగా ఉంది. రాత్రంతా ఫ్రిజ్ ఒక్కటే నడిచినా అర యూనిట్ లాగుతుంది, నమ్మటానికి లేదు. తొమ్మిదింటికి మెయిన్ దించేద్దామని సమ్మయ్య తీర్మానం. చలికాలమే గనక పాలూ దోసెల పిండీ చెడవు. కుర్చీ తెచ్చుకుని, గడియారం చూస్తూ బోర్డు కింద కూచున్నాడు.

ఎనిమిది యాభై అయిదుకు కరెంటు పోయింది.

వీధంతా చీకటి. పక్కింటాయన కరెంటోళ్లను తిడుతున్నాడు. కుమార్‌పల్లిలో ఆ క్షణాన సంతోషించిన మనిషి సమ్మయ్య ఒక్కడే. “దేవుడే మెయిన్ దించిండు,” అని కుర్చీ లోపల పెట్టి దుప్పటి కప్పుకున్నాడు. నెల మొత్తంలో హాయిగా నిద్రపోయిన రాత్రి అదే.

పొద్దున ఏడింటికి ఫ్రిజ్ గురగురలాడుతుంటే మెలకువ వచ్చింది. కరెంటు ఎప్పుడో నడిజామున వచ్చినట్టుంది. ఫ్రిజ్ ఒక్కటే కదా, ఏడు గంటలకు 0.35, లెక్క లోపలే ఉంటుంది అనుకుంటూ మీటర్ దగ్గరికి పోయాడు.

4328.2.

కళ్లజోడు తుడిచాడు. బటన్ నొక్కాడు. తారీఖు వచ్చింది, టైం వచ్చింది, వోల్టేజీ వచ్చింది, తిరిగి 4328.2 వచ్చింది. అరుపుకు సరళ, స్రవంతి బయటికొచ్చారు. విచారణ మొదలైంది. ఇస్త్రీ ఎవరు చేసిండ్రు? లేదు. మోటర్? లేదు. స్రవంతి మెల్లగా గోడ వైపు జరిగింది.

“బాపూ... రాత్రి నాయినమ్మకు మోకాళ్లు గుంజుతున్నయంటే ఒక్క చెంబు యేడినీళ్లు ఇద్దామని గీజర్ స్విచ్ ఏసిన. గప్పుడే కరెంటు పోయింది. పొయ్యి మీద కాచి ఇచ్చిన.”

“స్విచ్?”

“లైటు ఎలుగుతలేదు గదా, బంద్ ఉన్నదనుకున్న.”

కరెంటు లేనప్పుడు గీజర్ ఎర్రలైటు అందరికీ ఒకే మాట చెబుతుంది. వేసినా, ఆపినా చీకటే. నడిజామున కరెంటు వచ్చింది, ఇంట్లో అందరూ గురకలు పెడుతున్నారు, గీజర్ ఒక్కటే డ్యూటీ చేసింది. ముప్పావు యూనిట్ దానిది, మిగతాది ఫ్రిజ్‌ది. మెయిన్ దించి ఉంటే రెండూ లేవు.

బిల్లు కొట్టే పిల్లగాడు ఎనిమిదింటికే వచ్చాడు. ఏ నెలా అంత పెందరాళే రాడు. మిషన్ కాగితం కక్కింది. 201.

“తమ్మీ, ఒక్కటే యూనిట్. జర చూడరాదు,” అన్నాడు సమ్మయ్య.

“నా చేతుల ఏమున్నదన్నా, మీటర్ ఏం జూపిస్తే గదే పడ్తది. రాత్రి కరెంటు పోయిందంటిరి గద, ఇంక నయం, పోకుంటే ఎక్కువొచ్చేది.”

సరళ అతనికి కాగితంలో నాలుగు సకినాలు పెట్టి ఇచ్చింది. సమ్మయ్య నోట్‌బుక్‌లో పేజీ తిప్పి పైన 4328 అని రాసి, కింద గీత కొట్టాడు.

అప్పుడు బాత్‌రూమ్ తలుపు తీసుకుని, పొగలు పొగలుగా ఆవిరి వెంట అవ్వ బయటికి వచ్చింది. ముఖం ఎర్రగా, తల తడిగా ఉంది. రెండు రోజులుగా గోరువెచ్చటి నీళ్లతో గొణుగుతున్న మనిషి.

“కొడుకా, నీళ్లు ఏం కాగినయిరా! తానం జేస్తుంటె మోకాళ్ల నొప్పులన్నీ పొయినయి. ఇంకో బకెట్ ఉన్నయి, నువ్వు గూడ జప్పున పోసుకో. సల్లారితే మళ్ల కరెంటు దండుగ.”