హేచరీ సీసాకూ కళింగపట్నం సముద్రానికీ మధ్య

భోగాపురం దాటి పూసపాటిరేగ వైపు తీరం వెంట వెళ్తే రొయ్య పిల్లల హేచరీలు కనిపిస్తాయి. వాటిలో ఒకదానిలో మా మేనల్లుడు ఆల్గీ (రొయ్య పిల్లలకు మేతగా పెంచే నాచు) గది చూసుకుంటాడు. ఏసీ, వరసగా ట్యూబ్‌లైట్లు, అరల్లో గాజు సీసాలు, ప్రతి సీసాలోకీ సన్నటి గొట్టంలోంచి గాలి బుడగలు. నాలుగు రోజుల కిందట మామూలు నీళ్లలా ఉన్న సీసా ఇవాళ పల్చటి టీ రంగుకు తిరిగింది. అందులో ఉన్నది కీటోసిరాస్ అనే డయాటమ్, కంటికి విడిగా కనిపించనంత చిన్న జీవి. భలే పెరిగిందిరా అన్నాను. "ఏసీలో పెరిగింది కదా మావయ్యా, సముద్రంలో ఒగ్గేస్తే బతుకుతాదో లేదో" అన్నాడు.

బంగాళాఖాతానికి కంప్యూటర్ మోడళ్లు కట్టేవాళ్లను వేధించే ప్రశ్న ఇంచుమించు ఇదే.

ఈ మోడళ్లు సముద్రాన్ని గళ్లుగా విడగొట్టి జమాఖర్చు రాస్తాయి. ఒక్కో గడిలో నైట్రేట్ అనే పోషకం ఎంత, దాంతో ప్లాంక్టన్ (ఆ సీసాలో ఉన్నలాంటి, నీటిలో తేలే సూక్ష్మ జీవులు) ఎంత పెరిగింది, చిన్న జీవులు ఎంత మేశాయి, చచ్చింది ఎంత అడుగుకు రాలింది, అది కుళ్లితే ఎంత ఆక్సిజన్ ఖర్చయింది. నీటి ప్రవాహానికి భౌతికశాస్త్ర సూత్రాలు ఉన్నాయి. మేతకూ కుళ్లుకూ అంత గట్టి సూత్రాలు లేవు, ఆ వేగాలను ఎవరో కొలిచి ఇవ్వాలి. వేడిని బట్టి ప్లాంక్టన్ ఎదుగుదలను లెక్కగట్టే ప్రసిద్ధ సూత్రాన్ని 1972లో ఎప్లీ అనే శాస్త్రవేత్త ల్యాబ్ కల్చర్ల (సీసాల్లో పెంచిన ప్లాంక్టన్) నుంచి తీశాడు: 10 డిగ్రీలు పెరిగితే వేగం 1.88 రెట్లు. అదీ పై హద్దే. కడుపునిండా తిండీ చాలినంత వెలుగూ ఉన్నప్పటి మాట.

విజయనగరం పరిశోధన స్థానం మడిలో పండిన చోళ్ల దిగుబడి చూసి, తన మెట్టలోనూ అంతే వస్తుందని బొబ్బిలి రైతు అప్పు చేయడు. అందుకే రైతుల పొలాల్లో ట్రయల్స్ వేస్తారు. మన సముద్రం విషయంలో ల్యాబుకూ నీటికీ మధ్య జరగాల్సిన అలాంటి ట్రయల్సే తక్కువ.

ఉపగ్రహాలు ఉన్నాయిగా అంటారు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మత్స్యకారులకు ఇచ్చే చేపల సమాచారానికి ఆధారం ఉపగ్రహం చూసిన నీటి వేడి, నీటి రంగే. కానీ మరపడవల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. పడవలు మళ్లీ దిగేసరికి రుతుపవనాల మబ్బులు. వంశధార, నాగావళి ఎర్రనీళ్లు సముద్రంలో కలిసే రోజులవి, సరిగ్గా అప్పుడే ఉపగ్రహానికి కళ్లు మూసుకుపోతాయి. మబ్బు విడిచినా బురద నీటిని ప్లాంక్టన్‌గా పొరబడొచ్చు. ఆర్గో ఫ్లోట్లు (సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలిచే యంత్రాలు) 2,000 మీటర్ల దాకా దిగి పది రోజులకోసారి పైకొస్తాయి, ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్లు వాటి దారి కాదు. మోడల్ అక్కర ఎక్కువున్న నెలల్లోనే కొలతలకు కరువు.

అందుకని మోడల్ గీత ఉపగ్రహం గీతకు ఆనే దాకా అంకెలు సర్దుతారు. ప్లాంక్టన్ ఎక్కువగా వస్తోందా? ఎదుగుదల తగ్గించొచ్చు, లేదా మేత పెంచొచ్చు. ఏది చేసినా గీత కలుస్తుంది. వెనక పేజీలో జవాబు చూసి స్టెప్పులు రాయడమే ఇది (చదువుకునే రోజుల్లో మనమూ చేసిందే). మామూలు ఏడాది గడిచిపోతుంది. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటిది వస్తేనే చిక్కు. తుఫాను గాలి కింది నీటిని కలియబెట్టి పోషకాలను పైకి తేవాలి. నదుల మంచినీరు తేలికై పైన మూతలా పరుచుకుంటే ఆ కలపడం అంత సులువు కాదు. ఇంకోపక్క వరద తెచ్చే బురద వెలుగును ఆపుతుంది. ఎదుగుదలనూ మేతనూ తప్పుగా పంచిన మోడల్ ఇక్కడ దొరికిపోతుంది.

ల్యాబూ సముద్రమూ చేయి కలిపితే ఏమవుతుందో 2017లో నేచర్ జియోసైన్స్‌లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. బంగాళాఖాతం మధ్య లోతుల్లో మామూలు పరికరాలు ఆక్సిజన్ సున్నా అని చూపేవి. అయినా అరేబియా సముద్రంలోలా నీటిలోని నైట్రేట్ నైట్రోజన్ వాయువుగా మారి బయటికి పోవడం లేదు. అతి సూక్ష్మంగా కొలిచే నానోమోల్ స్థాయి సెన్సర్లు దించితే అతి కొద్ది ఆక్సిజన్ మిగిలే ఉందని తేలింది. అక్కడి నీటినే సీసాల్లో పెట్టి పరీక్షిస్తే ఆ పని చేయగల సూక్ష్మజీవులూ ఉన్నాయని తెలిసింది. చిటికెడు ఆక్సిజన్ వాటిని ఆపుతోంది. కొలిచిన వాళ్లకు ఆ సున్నా మీద అనుమానం రాకపోతే మోడళ్లు దాన్నే నమ్ముకుని ఉండేవి.

మన తీరానికి అంత ఖరీదైన ఓడ అక్కర్లేదు. ఎదుగుదల, మేత అంకెలను విడదీసే పల్చన చేసే పద్ధతి 1982 నుంచీ ఉంది. సముద్రపు నీటిని, వడకట్టిన అదే నీటితో రకరకాల పాళ్లలో కలిపి సీసాల్లో ఒక రోజు ఉంచుతారు. నీరు పల్చనయ్యే కొద్దీ మేసేవాళ్లకు ప్లాంక్టన్ ఎదురుపడటం తగ్గుతుంది. సీసా సీసాకూ వచ్చే తేడాలో మేత ఎంతో తెలుస్తుంది. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నంలో నెలకు రెండుసార్లు, వరద రోజుల్లో ఇంకాస్త ఎక్కువగా చేయాలి. శ్రీకాకుళం దగ్గరి ఎచ్చెర్ల యూనివర్సిటీ పిల్లలకు అసాధ్యమేం కాదు. ఎంత ఉప్పదనం ఉన్న నీటిలో, ఎంత వెలుగులో కొలవాలో మోడల్ వాళ్లు ముందే కూర్చుని చెప్పాలి. థీసిస్ అయిపోయాక అడిగితే లాభం లేదు.

ఇదంతా మా వాడికి చెబితే ఆసక్తిగానే విన్నాడు. వడకట్టడానికి ఏ ఫిల్టర్ వాడతారని అడిగాడు. 0.2 మైక్రాన్ అన్నాను. "మాది ఒక మైక్రానే మావయ్యా, దానికి వేరే ఆర్డరెట్టాలి" అన్నాడు.