రెడ్యూసర్ స్క్రూ తిప్పితే బండి కొండెక్కదు

నిన్న గుంటూరు ఆటోనగర్‌లో ఒక తమ్ముడు తన సీఎన్జీ వ్యాన్ తెచ్చి నిలబెట్టాడు. ట్రాలీ తగిలిస్తే ఎత్తులో చచ్చిపోతందన్నా, ఏదో ఒకటి చేసి పికప్ పెంచన్నా అని మేస్త్రీని బతిమాలుతున్నాడు. ఆ మేస్త్రీ ప్లగ్గు విప్పలా, ఫిల్టర్ చూళ్ళా, ట్రాలీ బరువెంత అని కూడా అడగలా, స్క్రూడ్రైవర్ తీసుకుని నేరుగా రెడ్యూసర్ మీద, అంటే సిలిండర్ గ్యాస్ ఒత్తిడి తగ్గించి ఇంజన్‌కి పంపే డబ్బా మీద, గ్యాస్ ఎక్కువ వదిలే స్క్రూ తిప్పడం మొదలెట్టాడు. నేను పక్కనే నా బండికి గ్రీజు పెట్టించుకుంటా చూస్తన్నా. వద్దు తమ్ముడూ అని చెప్పా, వినలా, పాపం వాడికి మర్నాడు పొద్దున్నే కిరాయి ఉంది. రాత్రంతా అదే బుర్రలో తిరుగుతా ఉంది, అందుకే రాస్తన్నా. పొడుగైనా సరే, సీఎన్జీ వ్యాన్ మీద బతికేవాళ్ళు చివరిదాకా చదవండి.

నాది వెల్డింగ్ పని. పన్నెండు వందల సీసీ సీఎన్జీ వ్యాన్, దాని వెనక డీజిల్ వెల్డింగ్ జనరేటర్ ట్రాలీ. కరెంటు రాని చోట గేట్లు, రెయిలింగులు, రేకుల షెడ్లు, ఎక్కడ పిలిస్తే అక్కడికి. గుంటూరు నుంచి మంగళగిరి మీదుగా బెజవాడ దాకా నేల చదునే కదా, కృష్ణ మీద వారధి ఎక్కి దిగడం కూడా ఒక ఎత్తేనా, అందుకని బండిలో ఏ లోపం ఉన్నా బయటపడదు. లోపం బయటపడేది కొండ దగ్గరే.

పోయిన మే నెలలో కొండవీడు కోట మీద రెయిలింగ్ పని ఒప్పుకున్నా. నేను, మా బావమరిది, సామాను, వెనక ట్రాలీ. కొండ కింద దాకా బండి వెన్నలాగా వెళ్ళింది. ఘాట్ రోడ్డులో నిటారుగా ఉన్న ఒక మలుపు తిరిగామో లేదో, మొదటి గేరులోనే బండికి వెక్కిళ్ళు పట్టినట్టు ఆగి ఆగి లాగి, దెబ్బకి ఇంజన్ ఆగిపోయింది. ట్రాలీ బరువుకి హ్యాండ్‌బ్రేక్ పట్టడంలా, బండి వెనక్కి జారతంది, నేను బ్రేక్ మీద నిలబడ్డా, మా బావమరిది దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాడు. వాడు ఆ రాయి కోసం వెతుక్కున్న రెండు మూడు సెకన్లు నేను బతికున్నన్ని రోజులూ మర్చిపోను.

తర్వాత ఇంజన్ మూత తీసి చూస్తే రెడ్యూసర్ మీద మంచు! మే నెలలో, పొద్దున తొమ్మిదింటికే ఒళ్ళు కాలిపోయే ఎండలో, ఫ్రిజ్‌లో ఐస్ పెట్టే అరలో పట్టినట్టు తెల్లగా పొర కట్టుకుని ఉంది, వేలు పెడితే అంటుకుంది.

ఎందుకంటే సిలిండర్ నిండా కొట్టిస్తే గ్యాస్ 200 బార్ ఉంటది. కారు టైరులో గాలి 2 బార్ చిల్లర, అంటే దానికి దాదాపు వంద రెట్లు. అంత ఒత్తిడిలో ఉన్న గ్యాస్ రెడ్యూసర్ లోపల ఒక్కసారిగా కొద్ది బార్లకి దిగుద్ది, దిగేటప్పుడు గడ్డకట్టేంత చల్లబడుద్ది. అందుకని ఇంజన్ కూలెంట్ వేడిగా దాని చుట్టూ తిరిగేలా రెండు సన్న గొట్టాలు పెడతారు. అంతకు రెండు నెలల ముందు నేను సర్వీసు చేయించిన షెడ్డులో ఆ గొట్టం కారుతుందని మార్చకుండా రెండు చివర్లూ కలిపి బైపాస్ చేసేశారు, నాకు ఒక్క ముక్క చెప్పలా. చదును మీద ఇంజన్ తాగే గ్యాస్ తక్కువ కాబట్టి నెట్టుకొచ్చింది, ఎత్తులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేసరికి గ్యాస్ పారకం పెరిగి రెడ్యూసర్ గడ్డ కట్టుకుపోయింది. రెండు వందల రూపాయల గొట్టం అండీ. దానికి ఇద్దరం లోయలో పడేవాళ్ళం.

ఆ రోజు నుంచి ఈ విషయం మీద పడ్డా. నాకు అర్థమైంది ఏంటంటే, సీఎన్జీకి లాగుడు తక్కువ అని అందరూ అనేదాంట్లో నిజం ఉంది కానీ అది పదో వంతే. సీఎన్జీ అంటే చాలా వరకు మీథేన్, అది గాలిలాగే వాయువు, సిలిండర్ లోపలికి పోయేటప్పుడు గాలి ఉండాల్సిన చోటులో సుమారు పదో వంతు అదే ఆక్రమిస్తది, ఆ మేరకి గాలి తగ్గుద్ది, బలం తగ్గుద్ది. మారుతి ఈకోకి కంపెనీ ఇచ్చిన లెక్కే చూడండి, టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, పెట్రోల్ మీద 104.4 న్యూటన్ మీటర్లు, గ్యాస్ మీద 95. పవర్ 80.76 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) నుంచి 71.65కి. అంతే తేడా. అంతకు మించి బండి పడిపోతందంటే అది గ్యాస్ తప్పు కాదు, బండిలో రోగం ఉన్నట్టు.

ఇంకో లెక్క. బండి, ట్రాలీ, మనుషులు, సామాను అంతా కలిపి 1800 కిలోలు అనుకుందాం. పది మీటర్లు పోతే ఒక మీటరు లేచే ఎత్తు మీద గంటకి 20 కిలోమీటర్లతో ఎక్కడానికి కావాల్సింది పదిహేను హార్స్‌పవర్ చిల్లర. ఇంజన్‌లో డెబ్బై ఉంది కదా, మరి ఎందుకు ఆగుద్ది? ఆ డెబ్బై వచ్చేది ఆరు వేల ఆర్పీఎం దగ్గర, అంటే ఇంజన్ నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగేటప్పుడు, మనమేమో మూడో గేరులో పదిహేను వందల దగ్గర ముక్కిస్తా ఉంటాం. మా వైపు బండలాగుడు పందాలు చూసినోళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లా, ఒంగోలు గిత్తల్ని తోలేవాడు బండ కదలకముందే ఉరికించడు, కాడి మీద బరువు రెండు మెడలకీ సమంగా పడేదాకా పట్టి ఉంచి అప్పుడు అదిలిస్తాడు. బండీ అంతే, కొండ మొదట్లోనే రెండో గేరుకో మొదటి గేరుకో దించి, ఇంజన్ మూడు వేల దగ్గర తిరిగేలా చూసుకుని, ఏసీ ఆపేసి, మధ్యలో గేరు మార్చకుండా పోవాలి. సగం ఎత్తులో గేరు దించుదాంలే అనుకునేవాడికి చివరికి మిగిలేది క్లచ్ ప్లేట్ కాలిన వాసనే.

మరి నిజంగా లాగుడు పెంచాలంటే? ముందు ప్లగ్గులు. గ్యాస్ మంట అంటుకోవడానికి పెట్రోల్ కంటే గట్టి స్పార్క్ కావాలి, అదీ ఫుల్ యాక్సిలరేటర్ మీద సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువ ఉన్నప్పుడు ఇంకా గట్టిది కావాలి. అందుకే సగం అరిగిన ప్లగ్గు, స్పార్క్‌కి కరెంటు ఇచ్చే కాయిల్ నీరసపడితే అదీ చదును మీద బాగానే ఉండి ఎత్తులోనే మిస్సింగ్ ఇస్తాయి, జనం గ్యాస్‌ని తిడతారు. తర్వాత గాలి ఫిల్టర్, మన మిర్చి యార్డు వైపు దుమ్ములో తిరిగే బండికి బుక్‌లో రాసినన్ని కిలోమీటర్లు ఆగదు. రెడ్యూసర్ తర్వాత ఉండే చిన్న గ్యాస్ ఫిల్టర్ చాలామందికి అసలు ఉందనే తెలీదు, బంకులో కంప్రెసర్ ఆయిల్ గ్యాస్‌తో పాటు వచ్చి దాంట్లో చేరుద్ది, నాది విప్పితే నల్లటి జిడ్డు చెంచాడు కారింది. ట్యాపెట్ల గ్యాప్, అంటే వాల్వుల దగ్గర ఉంచే సన్న ఖాళీ, అది కూడా చూపించండి, గ్యాస్ పొడిగా మండుద్ది కాబట్టి వాల్వ్ సీట్లు అరుగుతాయి, గ్యాప్ బిగుసుకుంటే కంప్రెషన్ పోద్ది. బయట కిట్టు వేయించిన పాత బండయితే ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం కూడా. గ్యాస్ మెల్లగా మండుద్ది, స్పార్క్ కాస్త ముందే పడాలి, పెట్రోల్ టైమింగ్ మీదే వదిలేస్తే లాగుడు కొంత సైలెన్సర్‌లోంచి పోద్ది.

ఇవన్నీ అయ్యాక క్రౌన్ పినియన్, అంటే వెనక యాక్సిల్‌లో చక్రాలకి బలం అందించే పళ్ళ చక్రాల జత. పినియన్‌కి 9 పళ్ళు, క్రౌన్‌కి 39 అయితే నిష్పత్తి 4.33, అదే 8, 41 అయితే 5.125. చక్రం దగ్గర లాగుడు 18 శాతం పెరుగుద్ది, పై స్పీడు ఆ మేరకి తగ్గుద్ది. గ్యాస్ వల్ల పోయిన పదో వంతు వచ్చేసి ఇంకా పైన మిగులుద్ది చూడండి. మీ మోడల్‌కి కంపెనీది దొరికితేనే వేయించండి, అతుకుల పని వద్దు. అందం కోసం పెద్ద టైర్లు వేసుకునేవాళ్ళు దీనికి సరిగ్గా తిరగేసి చేస్తున్నారు, టైరు ఐదు శాతం ఎత్తు పెరిగితే లాగుడు ఐదు శాతం పోయినట్టే.

రెండు ఇంధనాల బండయితే కొండ కిందే పెట్రోల్‌కి మార్చేయండి. ఎక్కాక మళ్ళీ గ్యాస్. నాలుగు కిలోమీటర్లకి పెట్రోల్ ఖర్చెంత, ఒకసారి క్లచ్ దించితే ఖర్చెంత, మీరే లెక్కేసుకోండి.

రెడ్యూసర్ స్క్రూ మాత్రం ముట్టుకోనివ్వద్దు. గ్యాస్ ఎక్కువ వదిలితే బలం రాదు, లోపల గాలి ఎంతుందో అంత గ్యాసే మండుద్ది, మిగతాది ఊరికే బయటికి పోద్ది. సిలిండర్‌కి మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్, అంటే నీళ్ళ ఒత్తిడితో చేసే పరీక్ష, చేయించమంటే నాలుగు వేలు దండగంటారు, ఈ స్క్రూ తిప్పినోడికి మాత్రం ఐదొందలు కళ్ళకద్దుకుని ఇస్తారు. నాకు నిజంగా బాధేస్తది.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఎక్కించడం నేర్పేవాళ్ళు దించడం చెప్పరు. ట్రాలీకి సొంత బ్రేకులు లేకపోతే దిగేటప్పుడు దాని బరువంతా వ్యాన్‌ని వెనక నుంచి తోస్తా ఉంటది, ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి, బ్రేక్ మీద కాలు పెట్టి కిందిదాకా వస్తే డ్రమ్ములు వేడెక్కి పెడల్ మెత్తబడిపోద్ది. మీ బండి బుక్‌లో ట్రాలీకి ఎంత బరువు రాశారో చూడండి, అసలు రాయకపోతే లాగొద్దు. నాదాంట్లో రాయలా. నేను ఇన్నాళ్ళూ లాగాను, తప్పే, ఒప్పుకుంటున్నా.

ఇప్పుడు ఆ పాత జనరేటర్ ట్రాలీ ఇంటి దగ్గరే ఉంది. ఎనిమిది కిలోల ఇన్వర్టర్ వెల్డింగ్ సెట్ కొన్నా, దానికి సరిపడా చిన్న జనరేటర్ వ్యాన్‌లోనే బెల్టుతో కట్టేస్తన్నా, బరువైన పని ఉంటే గూడ్స్ ఆటోలో సామాను విడిగా పంపుతున్నా. కొండవీడు మీద మిగిలిన రెయిలింగ్ అలాగే పూర్తి చేశాం. ఆ మలుపు దాటాక బండి పక్కకి ఆపి రెడ్యూసర్ మీద చెయ్యి పెట్టి చూశా, గోరువెచ్చగా ఉంది. మా బావమరిది మాత్రం ఇప్పటికీ సీటు కింద ఆ రాయి పెట్టుకునే వస్తన్నాడు.