ఖాళీ ఫ్లాటుకు కార్పొరేషనే కిరాయిదారు కావాలి

హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీగా ఉంచుకుంటే నష్టం సంగతి అటుంచి, రాయితీ దొరుకుతుంది. ఇల్లు ఖాళీ అని దరఖాస్తు పెట్టుకుంటే, అధికారి వచ్చి చూసి సరేనన్నాక నగర కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) ఆస్తి పన్ను సగానికి తగ్గిస్తుంది. రెండో ఇల్లు తాళం వేసి ఉన్నా అద్దె వచ్చినట్టే లెక్కగట్టే ఆదాయపు పన్ను పద్ధతిని 2019 బడ్జెట్ ఎత్తేసింది. ఐర్లాండ్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. ఏడాదిలో 30 రోజులైనా మనిషి ఉండని ఇంటికి మామూలు ఆస్తి పన్ను కాక, దానికి 7 రెట్లు అదనంగా వడ్డిస్తారు.

2011 జనగణన నాటికే దేశంలోని పట్టణాల్లో 1.11 కోట్ల ఇళ్లు ఖాళీ. పట్టణాల్లో ఇళ్ల కొరత 1.88 కోట్లని మరుసటి ఏడాది కేంద్రం వేసిన నిపుణుల బృందమే తేల్చింది.

పన్ను పెంచితే చాలు, తాళాలు వాటంతటవే తెరుచుకుంటాయనుకోవడం అమాయకత్వం. యజమాని భయం వేరు. వచ్చినవాళ్లు మళ్లీ ఖాళీ చేస్తారా? విదేశంలో ఉన్న యజమానికైతే ఇంకో తలనొప్పి. ఎన్నారై ఇంట్లో అద్దెకుండే మనిషి అద్దెలోంచి 30 శాతం పైన పన్ను (టీడీఎస్) పట్టి, అందుకోసం టాన్ అనే నంబరు తీసుకుని మరీ సర్కారుకు జమ చేయాలి. ఆటో నడుపుకునే ఆయన చేస్తాడా ఈ పని? కార్పొరేషన్ చేయగలదు, దానికి అకౌంట్స్ సెక్షనే ఉంది.

అందుకే అద్దెకు తీసుకోవాల్సింది కార్పొరేషనే. ఐర్లాండ్‌లో ‘రిపేర్ అండ్ లీజ్’ పథకం చేసేది ఇదే. ఏడాదికి పైగా ఖాళీగా ఉన్న ఇంటికి కౌన్సిల్ 80,000 యూరోల దాకా వడ్డీ లేని అప్పిచ్చి బాగు చేయిస్తుంది, కనీసం 5 ఏళ్లు లీజుకు తీసుకుని పేద కుటుంబానికి ఇస్తుంది. అప్పు అద్దెలోనే తీరిపోతుంది. వాటర్‌ఫర్డ్ కౌన్సిల్ ఈ పథకంతో దుకాణాల పై అంతస్తులను కూడా ఇళ్లుగా మార్చింది.

మన లెక్క వేద్దాం. కూకట్‌పల్లిలో పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, మార్కెట్ అద్దె 15,000 అనుకోండి. కార్పొరేషన్ 80 శాతం, అంటే 12,000 ఇస్తుంది. మరమ్మతుకు 3 లక్షలు పెడితే నెలకు 5,000 చొప్పున 60 నెలల్లో వసూలైపోతుంది. యజమాని చేతికి నెలకు 7,000, పైగా బాగుపడిన ఇల్లు. ఉండే కుటుంబం 5,000 కడితే ప్రభుత్వం భరించే తేడా ఏడాదికి 84,000. ఊరికి దూరంగా కొల్లూరులో సర్కారు కట్టిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు ఒక్కోదానికి అయింది 8.65 లక్షలు, స్థలం విలువ కలపకుండానే. ఆ డబ్బుతో ఇక్కడ ఒక కుటుంబాన్ని పదేళ్లు దాటి ఉంచొచ్చు, అదీ పని దొరికే చోట.

పథకం చెడితే మరమ్మతు దగ్గరే చెడుతుంది. సున్నం కొట్టి తాళం అప్పజెప్పడం మన కాంట్రాక్టర్లకు అలవాటు. ఖాళీ ఇంట్లో ముందు ఎండిపోయేది బాత్రూమ్ ట్రాప్‌లో, అంటే నీళ్లు బయటికి పోయే గొట్టం వంపులో నిలిచే నీళ్లు. అవి లేకపోతే డ్రైనేజీ కంపు, బొద్దింకలు నేరుగా ఇంట్లోకొస్తాయి. టైల్స్ సందుల్లో గ్రౌట్ పోయి ఉంటే వాడకం మొదలైన వారానికే కింది ఫ్లాటు సీలింగ్ చెమ్మగిల్లుతుంది, గొడవ మొదలవుతుంది. కాబట్టి లీజు రాసుకునే ముందే ట్రాప్ మూసి, బాత్రూమ్‌లో రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలబెట్టి కిందికెళ్లి చూడాలి. గుమ్మాల అడుగున చెదలుందేమో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. ఎర్తింగ్ లేని పాత వైరింగ్ అయితే మార్చి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టాలి. సున్నం చివరి పని.

సర్కారు అద్దె టైముకిస్తుందా అని అడిగేవాళ్లను తప్పుపట్టలేం. 2024 అక్టోబరులో అద్దె బకాయిలు రాక భవన యజమానులు తెలంగాణ గురుకులాల గేట్లకే తాళాలేశారు. అందుకని ఆస్తి పన్ను వసూళ్లలో కొంత ఎస్క్రో ఖాతాలోకి, అంటే వేరే ఖర్చులకు ముట్టుకోలేని ఖాతాలోకి నేరుగా మళ్లాలి, అద్దె అందులోంచే పోవాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు బస్తీవాళ్లను రానిస్తాయా అనే రెండో ప్రశ్నకు నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. మెయింటెనెన్స్ నెలనెలా కార్పొరేషన్ కడుతుంటే అభ్యంతరం దేనికో వాళ్లే చెప్పాలి.

అసలు అడ్డంకి వేరే ఉంది. మన రాజకీయానికి ఇల్లంటే పట్టా. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకు ఊరి చివర సెంటు స్థలం ఇచ్చినా, తెలంగాణలో సొంత జాగా ఉంటేనే 5 లక్షలన్నా చూపు అదే. అద్దె ఇంటికి శంకుస్థాపన ఉండదు, పట్టా మీద ఫొటో ఉండదు. పనికోసం ఊరు మారే కుటుంబానికి కావాల్సింది సొంతిల్లే అని ఎవరు తేల్చారు? కేంద్రం 2020లో తెచ్చిన అద్దె ఇళ్ల పథకమూ ఖాళీ సర్కారు ఇళ్లు, కొత్త కట్టడాలు అంటూ ఆగిపోయింది. తాళం వేసిన ప్రైవేటు ఇళ్ల ఊసే లేదు.

వాటిని వెతకడం కష్టమేమీ కాదు. ఏడాదిగా మీటరు కదలని ఇళ్లేవో కరెంటు పంపిణీ సంస్థ డిస్కంకు తెలుసు, ఖాళీ అని చెప్పి సగం పన్ను కడుతున్నదెవరో కార్పొరేషన్‌కు తెలుసు. సర్కిల్‌కు ఒక ఇంజినీరు, ఒక అకౌంటెంటును ఇచ్చి, ఈ రెండు జాబితాల్లోనూ ఉన్న వంద ఫ్లాట్లతో మొదలుపెట్టాలి. రాని యజమానులకు ఆ సగం రాయితీ ఆపేయాలి.