బావి ఈత వేరు, స్కూబా వేరు
వీపున గాలి సిలిండర్ కట్టుకొని నీటి అడుగున తిరిగే స్కూబా డైవింగ్ గురించి మీ వ్యాసంలో, ఈత బాగా వచ్చినవారు దానికి భయపడాల్సిన పని లేదని రాశారు. నేను ఒప్పుకోను. చంద్రగిరి దగ్గర మా తాతగారి బావిలో ఈత నేర్చుకున్నవాణ్ణి. ఊపిరి బిగబట్టి, అడుగున గుప్పెడు మట్టి తీసుకొని పైకి రావడమే మా పందెం. అండమాన్‌లోని హావ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, నీళ్లలోకి దిగగానే ఆ పాత అలవాటే నన్ను పట్టుకుంది. గాలి వదలమని శిక్షకుడు నా ముఖం ముందు చెయ్యి ఆడిస్తూనే ఉన్నాడు. బావిలో గట్టు మీద పీల్చిన గాలే మనతో కిందికి వస్తుంది, పైకి వచ్చేసరికి మళ్లీ అంతే అవుతుంది. సిలిండర్ గాలి అలా కాదు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు. అక్కడ నిండా పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది, ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. ఇంకో తమాషా, బాగుందని బొటనవేలు ఎత్తి చూపిస్తే నన్ను పైకి తీసుకొచ్చేశారు! అక్కడ ఆ సైగకు అర్థం అదేనట. డైవింగ్ తర్వాత వెంటనే విమానం ఎక్కకూడదని సరిగ్గానే రాశారు. మన తిరుపతివాళ్లకు మాత్రం ఇంకొకటి చెప్పాలి. పుదుచ్చేరిలో ఉదయం డైవ్ చేసి, సాయంత్రానికి కారులో నేరుగా కొండెక్కేవారున్నారు. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, విమానానికి చెప్పే జాగ్రత్త ఘాట్ రోడ్డుకూ వర్తిస్తుంది. దర్శనం టికెట్టు మరుసటి రోజుకు తీసుకుంటే సరి.