గిరి ప్రదక్షిణలో నొప్పి బిళ్లలు

వీధికో అప్పారావు, ఊరికో సింహాచలం ఉండే జిల్లాలు మనవి. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింది మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, సింహాచలం అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచే జనంలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల పెద్దవాళ్లూ ఉంటారు. వద్దంటే వినరు. వద్దనడం మా ఉద్దేశమూ కాదు.

నడక మంచిదే. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకూ చెబుతోంది. గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచినా ప్రదక్షిణకు 8 గంటలు పడుతుంది. అంటే మూడు వారాల నడక ఒక్క రాత్రిలో! నెల ముందు నుంచి రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ నడిచినవాళ్లు తట్టుకుంటారు. అరుగు దిగనివాళ్లకు మోకాళ్లు పట్టేస్తాయి.

మోకాళ్ల నొప్పి నాలుగు రోజుల్లో తగ్గుతుంది. మా భయమల్లా సగం దారిలో పక్కనున్నాయన జేబులోంచి తీసిచ్చే నొప్పి బిళ్ల గురించే. డైక్లోఫెనాక్ లాంటి మందులు కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. చెమటతో ఒంట్లో నీరు పోయి, పైగా బీపీ మందు వేసుకున్న మనిషికి ఆ ఒక్క బిళ్లే ముప్పు తేవచ్చు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. వాళ్ల ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023లో గానీ తెరుచుకోలేదు. ఉద్దానం నుంచి వచ్చే పెద్దాయన నొప్పి బిళ్ల జోలికే పోకూడదు.

షుగర్ ఉన్నవాళ్లది ఇంకో తంటా. ఉపవాసం ఉండి మామూలుగానే షుగర్ బిళ్ల వేసుకుంటే దారిలో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడటం చూసి పక్కవాళ్లు అలసట అనుకుంటారు. పాదాలు మొద్దుబారినవాళ్లకు ఒట్టి కాళ్లతో నడిస్తే బొబ్బ లేచినా తెలియదు. అదే పుండై నెలల తరబడి మానదు. అలాంటివారు చెప్పులు వేసుకుంటే అప్పన్న ఏమీ అనుకోడు. అంత దూరం నడవలేనివాళ్లు కొండపైన ఆలయం చుట్టూ తిరిగే ఆచారమూ ఉంది కదా.

ఆషాఢానికి ముందే పీహెచ్‌సీల్లో పెద్దలకు బీపీ, షుగర్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేసి, ఆ రోజు ఏ మందు మానాలో, ఏది వేసుకోవాలో డాక్టరే చీటీ రాసివ్వాలి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు ఎవరెవరు బయల్దేరుతున్నారో తెలుసు. దారిలోని శిబిరాల్లో ఆ చీటీ చూడకుండా నొప్పి బిళ్ల ఇవ్వకూడదు. మజ్జిగ, పులిహోర పందిళ్ల పక్కన ఒక కుర్చీ వేసి, పాదాలు చూసే నర్సును కూర్చోబెట్టాలి. కాలు చాపడానికి మనవాళ్లు మొహమాటపడతారు, పిలిచి మరీ చూడాలి.