పుంజును తలకిందులుగా పట్టుకుంటే దారికొస్తుందా?

ఈ మధ్య పెరటి కోళ్లు పెంచేవాళ్ల మధ్య ఒక వీడియో తిరుగుతోంది. మీద పడబోయిన కుర్ర పుంజును ఒకాయన కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీస్తాడు. అరనిమిషంలో అది కిమ్మనకుండా అయిపోతుంది. కింద నాలుగు సలహాలు: ఇలా చేస్తే యజమాని ఎవరో దానికి తెలిసొస్తుంది; పిల్లగా ఉన్నప్పటి నుంచి చేతుల్లో పెంచిన పుంజు అసలు తిరగబడదు; పుంజులు కొట్టుకుంటే వెంటనే విడదీసి వారం వేరుగా ఉంచితే కోపం చల్లారుతుంది; అప్పటికీ వినకపోతే కాలి ముల్లు కోసేయాలి. నాకే నలుగురు పంపారు. పంపిన వాళ్లలో ఇద్దరికి కోళ్లే లేవు, అది వేరే సంగతి.

ముందు ఆ వేలాడదీయడం గురించి. పుంజు కదలకుండా ఉండిపోవడం నిజమే. కానీ అది బుద్ధి తెచ్చుకుని కాదు, భయంతో కొయ్యబారిపోయి. వేటజంతువుకు చిక్కిన పక్షి చచ్చినట్టు పడి ఉండటం లాంటిదే ఇదీ. పైగా కోడికి మనలా ఛాతీకి, పొట్టకు మధ్య అడ్డుపొర లేదు. తలకిందులు చేస్తే పొట్టలోని బరువంతా గాలి తిత్తుల మీద పడి ఊపిరి ఆడటం కష్టమవుతుంది. అప్పుడే మేత తిని ఉంటే, మెడ దగ్గరి సంచిలోంచి అది పైకి తన్ని గాలిగొట్టంలోకి పోవచ్చు. ఇంతా చేస్తే అది నేర్చుకునేది ఒక్కటే, ఈ మనిషి ప్రమాదం అని. కింద వదిలాక మర్నాడు పొద్దున ఏం చేసిందో ఆ వీడియోలో లేదు. నేను చూడాలనుకున్నది అదే.

అసలు ఆ పొగరు ఎక్కడిదో చూడండి. దాదాపు నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్యలో పుంజు తలమీది జుట్టు ఎర్రబడుతుంది, కూత మొదలవుతుంది, పెట్టల వెంట పడుతుంది. అంతా హార్మోన్ల పని. 1849లోనే జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్టోల్డ్ అనే శాస్త్రవేత్త దీన్ని తేల్చాడు. వృషణాలు తీసేసిన కుర్ర పుంజులు కూత, కొట్లాట మానేశాయి. వృషణాన్ని మళ్లీ కడుపులో అమర్చిన వాటికి జుట్టు పెరిగింది, కూశాయి, కొట్టుకున్నాయి. ఒంట్లో ఇంత జరుగుతుంటే అరనిమిషం వేలాడదీసి పాఠం చెప్పగలమా?

మరి మీద పడితే? తన్నకండి, పరుగెత్తకండి. తంతే మీరు పోటీకి దిగినట్టు, పరుగెత్తితే అది గెలిచినట్టు. మధ్యలో బకెట్టో చెక్కో అడ్డం పెట్టి, అది తగ్గేదాకా నిదానంగా నిలబడండి. చిన్నపిల్లల్ని మాత్రం ఆ దరిదాపులకు పంపొద్దు, వాళ్ల ముఖం పుంజుకు అందేంత ఎత్తులో ఉంటుంది.

చేతుల్లో పెంచితే తిరగబడదన్నది చాలాసార్లు తలకిందులవుతుంది. నేనూ ఒకప్పుడు నమ్మి ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని పెంచాను. ఐదో నెలలో మొదటి దెబ్బ నా పిక్క మీదే పడింది. మనిషంటే జంకు లేని పుంజు మనల్ని ఇంకో పుంజుగా లెక్కేస్తుంది. ఒక రెక్క కిందికి వాల్చి మీ కాళ్ల చుట్టూ పక్కవాటుగా తిరుగుతుంటే 'డ్యాన్స్ చేస్తోంది' అని మురిసిపోకండి. పెట్ట ముందు చేస్తే అది సరసం, మీ చెప్పుల ముందు చేస్తే సవాలు. పుంజు పిల్లల్ని పట్టుకుని చూడటం అవసరమే, పేలు, గాయాలు ఉన్నాయేమో తెలుస్తుంది. ముద్దు చేయడం మాత్రం తగ్గించండి.

ఇక విడదీయడం. కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవాలో ఒక వరస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డరుప్-ఎబ్బే 1920ల మొదట్లోనే రాశాడు. కుర్ర పుంజులు ఎదురెదురుగా నిలబడి మెడ ఈకలు నిక్కించి, రెండుసార్లు రొమ్ములు ఢీకొట్టుకుని, ఒకటి తోక తిప్పి పోతే ఆ వరస కుదిరినట్టే. దాన్ని ఆపితే రేపు మళ్లీ మొదటి నుంచి. వారం తర్వాత తిరిగొచ్చిన పుంజును ఆ గుంపు కొత్త పుంజులాగే చూడొచ్చు. కోపం చల్లారడం అటుంచి, యుద్ధం కొత్తగా మొదలవ్వొచ్చు. విడదీయక తప్పకపోతే ఒకదానికొకటి కనబడేలా మధ్యలో వల కట్టండి.

రక్తం కనబడితే మాత్రం ఆ పుంజును వెంటనే తీసేయాలి, అంతవరకు ఆ వీడియో కింది సలహా కరెక్టే. ఎరుపు చూస్తే మిగతావీ వచ్చి పొడుస్తాయి. ఓడిపోయింది పక్కకి పోయినా వదలకుండా తరుముతుంటే, మేత దగ్గరికి రానివ్వకపోతే, అదీ ఆటలో భాగం కాదు.

ఈ నాలుగు సలహాల్లో ఎక్కడా లేనిది లెక్క. ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఆరు పెట్టల మధ్య ఐదు కుర్ర పుంజుల్ని వదిలితే వాటి మధ్య కొట్లాట ఆగదు, పెట్టల వీపుల మీద ఈక మిగలదు. మిగులు పుంజుల్ని పెట్టలు కనబడనంత దూరంలో, అన్నిటినీ కలిపి ఒకే దొడ్డిలో పెట్టండి. పోటీపడటానికి పెట్ట లేకపోతే చాలావరకు సర్దుకుంటాయి. మేత, నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి. దాక్కోవడానికి ఓ తడికో పొదో ఉంటే ఓడినదానికి తప్పించుకునే దారి ఉంటుంది. నా టెన్షన్ సగం తగ్గింది ఆ తడికతోనే.

ముల్లు సంగతి రెండు ముక్కల్లో. ఆ వయసులో అది ఇంకా చిన్న బొడిపే. పెరిగాక దాని లోపల ఎముక, రక్తం ఉంటాయి, మొదలంటా కోస్తే ధారకడుతుంది. మొన మరీ వాడిగా ఉంటే ఆకురాయితో మొద్దుబార్చొచ్చు. కోపం ముల్లులో లేదు, ముక్కు ఎలాగూ ఉంది.

ఇవన్నీ చేసినా, ఏడాది దాటినా, కనబడిన మనిషి మీదల్లా పడే పుంజు ఒకటి మిగలొచ్చు. దాన్ని పెట్టలతో కలపకండి, దానితో కలిసిన పెట్టల గుడ్లు పొదిగించకండి. ఆ గుణం పిల్లలకూ దిగుతుంది.